యూదు ధర్మంలో శాంతి, పోలీసు, రాజీ: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జిల్లా కోర్టులో వకీలుని. కుటుంబ తగాదాలు, ఆస్తి పంపకాల్లో మధ్యవర్తిగా కూర్చోవడమే ఎక్కువ. ఆ పని కోసమే యూదు ధర్మశాస్త్రం చదవడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. అందులోంచి ఒక కథ ఎవరికైనా చెబితే చాలు, ఆ వారమంతా అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. దేనికదే చదువుకోవచ్చు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. తోరా అంటే మోషే ఐదు పుస్తకాలు, మిష్నా అంటే సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన ధర్మసూత్రాలు, తల్ముద్ అంటే వాటి మీద తర్వాతి శతాబ్దాల్లో రబ్బీలు, అంటే యూదు ధర్మ పండితులు, చేసిన చర్చ. ఈ మూడు మాటలు తెలిస్తే చాలు.

## మొదట తెలియాల్సినవి

షాలోమ్ అంటే నమస్కారం లాంటి పలకరింపే కదా, అందులో అంత ఏముంది?

తెలుగు బైబిల్లో షాలోమ్‌ని 'సమాధానం' అన్నారు. మనం ఆ మాటని జవాబు అనే అర్థంలో వాడి వాడి పాత అర్థం మర్చిపోయాం గానీ, 'సమాధానపడ్డారు' అన్నప్పుడు అది ఇంకా బతికే ఉంది. హీబ్రూలో ఈ మాట ధాతువుకి లోటు లేకుండా నిండుగా ఉండటం అని అర్థం, డబ్బు చెల్లించడం అనే క్రియ కూడా అందులోంచే వచ్చింది. అంటే అరుపులు ఆగినంత మాత్రాన షాలోమ్ వచ్చినట్టు కాదు, ఇవ్వాల్సింది ఇచ్చి, తెగినది అతికితేనే వచ్చినట్టు. 34వ కీర్తనలో "సమాధానము వెదకి దాని వెంటాడుము" అని ఉంటుంది. దీని మీద రబ్బీల వ్యాఖ్య ఏంటంటే, మిగతా ఆజ్ఞలు కొన్ని 'నీ శత్రువు ఎద్దు తప్పిపోయి నీకు కనబడితే' అన్నట్టు ఎదురుపడినప్పుడే చేయాల్సినవి, శాంతి మాత్రం అలా కాదు, ఉన్నచోట వెతకాలి, లేదంటే ఇంకోచోటికి దాని వెంటపడి వెళ్ళాలి. నేను ఈ చదువులో పడిపోవడానికి ఆ 'వెంటాడు' అన్న ఒక్క మాటే కారణం.

పోలీసుల గురించి తోరాలో నిజంగా ఉందా, లేక ఇప్పటివాళ్ళు కలిపి చెప్పేదా?

ఉంది. ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయంలో, ప్రతి ఊరి గుమ్మంలోనూ 'షోఫ్తిమ్', 'షోత్రిమ్' ఉండాలని ఆజ్ఞ. మొదటివాళ్ళు న్యాయాధిపతులు, రెండోవాళ్ళు ఆ తీర్పుని అమలు చేసేవాళ్ళు. ఇప్పటి హీబ్రూలో పోలీసుని 'షోతేర్' అనే పిలుస్తారు, ఆ పాత మాటే. 12వ శతాబ్దంలో మైమోనిడిస్ అనే యూదు ధర్మవేత్త వీళ్ళ పని వివరంగా రాశాడు: కర్ర, తోలుపట్టా పట్టుకుని న్యాయాధిపతుల ముందు నిలబడతారు, బజార్లలో వీధుల్లో దుకాణాల్లో తిరిగి ధరలూ తూకాలూ సరిచూస్తారు, తప్పు చేసినవాణ్ణి న్యాయస్థానానికి తీసుకొస్తారు. వాళ్ళు ఏం చేసినా న్యాయాధిపతుల ఆజ్ఞ మీదే చేయాలి. లాఠీ ఉంది గానీ దానికి సొంత బుర్ర ఇవ్వలేదు, దాని పైన ఎప్పుడూ ఒక న్యాయస్థానం ఉండాలి.

రెండు వేల ఏళ్ళు పరాయి రాజ్యాల్లో బతికారు కదా, మరి అక్కడి చట్టానికి లోబడ్డారా?

లోబడాలనే సూత్రం. 3వ శతాబ్దంలో బాబిలోనియాలో ఉన్న ష్మూయెల్ అనే పండితుడు మూడే మాటల్లో చెప్పాడు: 'దీనా దెమల్ఖూతా దీనా', రాజ్యం చట్టం చట్టమే. పన్నులు, ఆస్తి పత్రాలు లాంటి విషయాల్లో ఇది ఇప్పటికీ పనిచేసే సూత్రం. అంతకు చాలా ముందే యిర్మీయా ప్రవక్త, చెరపట్టుకుపోయిన యూదులకి ఉత్తరం రాస్తూ, మీరున్న పట్టణం క్షేమం కోరండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అన్నాడు. రబ్బీ హనీనా అయితే ఇంకా సూటిగా, ప్రభుత్వం కోసం ప్రార్థించండి, దాని భయమే లేకపోతే మనుషులు ఒకర్నొకరు సజీవంగా మింగేస్తారు అన్నాడు. ఆయన చూసిన ప్రభుత్వం రోమ్, అది మెతక ప్రభుత్వమేం కాదు.

## గొడవ ముదరక ముందు

ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు, పిలవకుండా మూడో మనిషి వెళ్ళొచ్చా?

వెళ్ళాలి. దీనికి ఆదర్శం మోషే కాదు, ఆయన అన్న అహరోను. హిల్లెల్ అనే గురువు "అహరోను శిష్యుల్లా ఉండండి, శాంతిని ప్రేమించండి, శాంతిని వెంటాడండి" అన్నాడు. అహరోను ఏం చేసేవాడో పాత కథలో ఉంది. ఇద్దరు గొడవపడ్డారని తెలిస్తే ముందు ఒకడి దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చునేవాడట. "బాబూ, నీ స్నేహితుడు ఎలా ఉన్నాడో చూశావా, గుండె బాదుకుంటున్నాడు, బట్టలు చింపుకుంటున్నాడు, తప్పంతా నాదే, వాడి మొహం ఎలా చూడను అంటున్నాడు" అనేవాడు. వాడి మనసులో కోపం పోయేదాకా అక్కడే కూర్చునేవాడు. తర్వాత రెండోవాడి దగ్గరికి వెళ్ళి అవే మాటలు చెప్పేవాడు. ఇద్దరూ ఎదురుపడినప్పుడు కౌగిలించుకునేవాళ్ళు. నాకు ఈ కథలో ముఖ్యమైన మాట 'పోయేదాకా కూర్చునేవాడు' అన్నది. మేం అరగంటకో సిట్టింగ్ పెట్టుకుని గడియారం చూస్తుంటాం.

సంధి కోసం అబద్ధం ఆడటం తప్పు కాదా?

తల్ముద్ ఇందులో ధైర్యంగానే ఉంది, శాంతి కోసం మాట మార్చొచ్చు అంటుంది. ఉదాహరణ దేవుడి దగ్గరే దొరికింది. నాకు ముసలితనం వచ్చింది, నా భర్త కూడా ముసలివాడే అని శారా నవ్వుకుంటే, దేవుడు ఆ మాట అబ్రాహాముకి చెప్పేటప్పుడు భర్త వయసు సంగతి వదిలేసి 'నేను ముసలిదాన్ని' అందని మాత్రమే చెప్పాడు. మొగుడూ పెళ్ళాల మధ్య మాట రాకూడదని. అయితే ఇది మనసులు కలపడానికే. సాక్ష్యం చెప్పేటప్పుడు, తీర్పిచ్చేటప్పుడు "అబద్ధానికి దూరంగా ఉండు" అన్న ఆజ్ఞే నడుస్తుంది, అక్కడ సడలింపు లేదు.

గొడవ మనది కాదు, చూస్తూ ఊరుకుంటే తప్పేంటి?

క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలడానికి రోమ్ సైన్యం కారణమని చరిత్ర చెబుతుంది. తల్ముద్ మాత్రం ఒక విందు దగ్గర మొదలుపెడుతుంది. ఒకాయన తన స్నేహితుడు కమ్సాని పిలవమంటే నౌకరు పొరపాటున శత్రువైన బర్ కమ్సాని పిలిచాడు. గృహస్థు వచ్చి చూసి లేచి పొమ్మన్నాడు. "వచ్చేశాను కదా, ఉండనివ్వు, నేను తిన్నదానికి డబ్బిచ్చుకుంటాను" అన్నాడు బర్ కమ్సా. కుదరదన్నాడు. "సగం విందు ఖర్చు ఇస్తాను." కుదరదు. "మొత్తం ఖర్చు ఇస్తాను." చెయ్యి పట్టుకుని బయటికి గెంటాడు. బర్ కమ్సా మనసు విరిగింది గృహస్థు మీద కాదు, అక్కడ కూర్చున్న రబ్బీల మీద. వాళ్ళు కూర్చుని ఉండి కూడా ఆపలేదంటే వాళ్ళకి ఇది సమ్మతమేనన్నమాట అనుకుని, రోమ్ చక్రవర్తి దగ్గరికి చాడీలు మోశాడు. తర్వాత జరిగింది అందరికీ తెలుసు. గుంపులో ఒకణ్ణి అవమానిస్తుంటే ప్లేటులోకి తల దించుకుని తింటున్న పెద్దమనుషులు, ఆ దృశ్యం ఏ పెళ్ళిలోనో మనమూ చూసే ఉంటాం.

అంటే అసలు వాదించుకోవడమే తప్పంటారా?

కాదు, యూదు చదువంతా వాదనే. హిల్లెల్ వర్గం, షమ్మాయి వర్గం వందల విషయాల్లో విభేదించాయి, రెండూ సజీవ దేవుడి మాటలేనని తల్ముద్ ఒప్పుకుంది. ఆచరణకి మాత్రం హిల్లెల్ వర్గం మాట నిలిచింది. ఎందుకంటే వాళ్ళు నెమ్మదస్తులు, తమ వాదన కన్నా ముందు ఎదుటివాళ్ళ వాదన చెప్పేవాళ్ళు. తప్పుడు గొడవకి ఉదాహరణ కోరహు, మోషే మీద పదవి కోసం తిరగబడినవాడు.

## పంచాయితీ, న్యాయస్థానం

రాజీ గొప్పదా, తీర్పు గొప్పదా?

మన లోక్ అదాలత్ బ్యానర్ల మీద 'రాజీ మార్గమే రాజమార్గం' అని రాస్తారు కదా, సరిగ్గా ఆ ప్రశ్న మీదే తల్ముద్‌లో రబ్బీలు గట్టిగా తగువు పడ్డారు. ఒక పక్షం, రాజీ చేయించడమే పాపం అంది. న్యాయం కొండని తొలుచుకుని వెళ్ళాలి, మోషే దారి అదే, హక్కున్నవాడి చేత సగం వదిలించడం దోపిడీ కాక ఏమిటి? ఈ వాదనని తేలిగ్గా తీసుకోకండి, మీద పడి సర్దుకుపొమ్మనే పెద్దమనుషుల మధ్య నలిగిపోయిన ఆడపిల్లలు ఎంతమందో నాకు తెలుసు. రెండో పక్షం రబ్బీ యెహోషువ బెన్ కోర్హా. జెకర్యా ప్రవక్త "సత్యంతో, శాంతినిచ్చే న్యాయంతో తీర్పు తీర్చండి" అన్నాడు, కానీ కచ్చితమైన తీర్పు ఉన్నచోట శాంతి ఉండదు, శాంతి ఉన్నచోట కచ్చితమైన తీర్పు ఉండదు, రెండూ కలిసి ఉండేది ఏది, రాజీయే కదా అన్నాడు.

చివరికి ఈయన మాటే నిలిచింది. 16వ శతాబ్దపు ధర్మసంహిత 'షుల్హాన్ అరూఖ్' ప్రకారం, కేసు మొదట్లోనే 'తీర్పు కావాలా, రాజీ కావాలా' అని ఇద్దర్నీ అడగడం న్యాయాధిపతి విధి. కానీ మూడు కట్టుబాట్లు పెట్టారు. ఇద్దరూ ఇష్టపడాలి. తీర్పు చెప్పేశాక మళ్ళీ రాజీకి లాగకూడదు. తీర్పులో పక్షపాతం ఎంత తప్పో రాజీలోనూ అంతే తప్పు. ఒప్పుకున్నందుకు గుర్తుగా ఇద్దరి చేతా ఒక జేబురుమాలు పట్టుకుని పైకెత్తిస్తారు, ఆ తర్వాత మాట వెనక్కి తీసుకోవడానికి లేదు.

బేత్ దీన్ అంటే ఏంటి, దాని తీర్పు ఇప్పుడు చెల్లుతుందా?

ముగ్గురు న్యాయాధిపతులు కూర్చునే యూదు ధర్మ న్యాయస్థానం. పాత పద్ధతిలో చెరొకరు ఒక్కో న్యాయాధిపతిని ఎంచుకుంటారు, ఆ ఇద్దరూ కలిసి మూడో ఆయన్ని ఎంచుకుంటారు. న్యూయార్క్‌లో 1960లో మొదలైన 'బేత్ దీన్ ఆఫ్ అమెరికా' వ్యాపార తగాదాలు, విడాకులు చూస్తుంది, ఇద్దరూ ముందే సంతకం పెడితే దాని తీర్పుని మామూలు కోర్టు ఆర్బిట్రేషన్ అవార్డుగా అమలు చేస్తుంది. ఇంగ్లండ్‌లో 1996 ఆర్బిట్రేషన్ చట్టం కింద ఇలాగే నడుస్తుంది. క్రిమినల్ కేసుల్లో దీనికి ఏ అధికారమూ లేదు. పెద్ద నొప్పి ఉన్న చోటు విడాకులు: భర్త 'గెత్' అనే పత్రం ఇస్తేనే భార్య మళ్ళీ పెళ్ళి చేసుకోగలదు, ఇవ్వకుండా ఏళ్ళ తరబడి ఏడిపించేవాళ్ళున్నారు. అందుకే విడిపోయాక గెత్ ఇచ్చేదాకా రోజుకింత అని భార్యకి చెల్లించేలా పెళ్ళికి ముందే ఒప్పందం రాయించే పద్ధతి తెచ్చారు. ఆచారానికి లోపలే ఉండి దారి వెతకడం అంటే ఇదే.

లంచం సరే, చిన్న చిన్న సాయాలు తీసుకుంటే జడ్జికి ఏమవుతుంది?

ష్మూయెల్ ఒకసారి రేవు దాటుతుంటే ఎవరో చెయ్యి అందించి దింపారు. "ఏం పని మీద వచ్చావు?" అని అడిగాడు. "నాకు ఒక కేసు ఉంది." "అయితే నీ కేసు నేను వినకూడదు" అన్నాడు. అంతే కథ.

పేదవాడు ఎదురుగా నిలబడితే అతని వైపు మొగ్గడం కూడా తప్పేనా?

లేవీయకాండము 19లో బీదవాడని పక్షపాతం చూపకు, గొప్పవాడని అభిమానం చూపకు అని రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. అయితే తల్ముద్‌లో ఇంకో కథ ఉంది. రబ్బా బర్ బర్ హన్నా అనే ఆయన ద్రాక్షారసం పీపా కూలీలు పగలగొట్టారు. నష్టం కింద వాళ్ళ పైబట్టలు లాక్కున్నాడు. వాళ్ళు రవ్ అనే పండితుడి దగ్గరికి వెళితే, బట్టలు ఇచ్చెయ్యి అన్నాడు. "చట్టం ఇలాగే చెబుతుందా?" అని అడిగాడు ఈయన. అవునన్నాడు. కూలీలు మళ్ళీ, మేం పేదవాళ్ళం, రోజంతా పనిచేశాం, ఆకలిగా ఉంది అన్నారు. కూలి కూడా ఇచ్చెయ్యి అన్నాడు రవ్. చట్టం దాటి మంచి చేసే బాధ్యత పేదలది కాదు, ఉన్నవాడిది, పండితుడిది అని దీని సారం.

## పోలీసు దాకా వెళ్ళాక

పోలీసు ఎంత బలం వాడొచ్చు?

ప్రాణం తీయడానికి ఒకణ్ణి తరుముతున్నవాణ్ణి 'రోదెఫ్' అంటారు, అతన్ని ఆపడానికి అవసరమైతే చంపొచ్చు. కానీ చెయ్యో కాలో విరగ్గొట్టి ఆపగలిగి ఉండి కూడా చంపేస్తే, ఆ చంపినవాడు రక్తం చిందించినవాడే అని మైమోనిడిస్ రాశాడు. అంటే ఆపడానికి ఎంత కావాలో అంతే. ప్రమాదం దాటిపోయాక ఆ అనుమతి కూడా పోతుంది, అక్కడినుంచి విచారణే. ఈ సూత్రాన్ని వక్రీకరిస్తే ఏమవుతుందో 1995 నవంబరు 4న టెల్ అవీవ్‌లో ప్రపంచం చూసింది. ప్రధాని యిత్జాక్ రబీన్‌ని శాంతి సభ ముగిశాక కాల్చి చంపిన యువకుడు, ఆయన రోదెఫ్ అని సమర్థించుకున్నాడు. కత్తి పట్టుకుని తరుముతున్నవాడి కోసం చెప్పిన నియమాన్ని రాజకీయ నిర్ణయానికి అంటగట్టడం ఎంత ఘోరమో అంతకన్నా చెప్పాలా.

దొంగల్ని పట్టించిన రబ్బీ కథ నిజంగా తల్ముద్‌లో ఉందా?

ఉంది, పోలీసు పని మీద నేను చదివినవాటిలో ఇంత లోతైనది ఇంకోటి లేదు. రబ్బీ ఎల్ఆజార్ ఒక రోమన్ అధికారిని చూసి, నువ్వు దొంగల్ని ఎలా గుర్తుపడతావు, పొరపాటున మంచివాళ్ళని పట్టుకుంటే, అని అడిగాడు. తనే ఉపాయం చెప్పాడు: పొద్దున నాలుగో గంట వేళ, అంటే మన పది ప్రాంతంలో, సారా దుకాణంలోకి వెళ్ళు. చేతిలో గిన్నెతో కునికిపాట్లు పడుతున్నవాడు కనిపిస్తే విచారించు. పండితుడైతే తెల్లవారుజామున చదువుకి లేచి ఉంటాడు, కూలివాడైతే పనికి లేచి ఉంటాడు, రాత్రిపూట పనిచేసేవాడేమో అడుగు. ఇవేవీ కాకపోతే దొంగ. ఈ మాట పైకి తెలిసి, ఉత్తరం చదివినవాడే దాన్ని మోయాలి అని ఆ ఉద్యోగం ఆయనకే ఇచ్చారు.

ఆయన పట్టిస్తుంటే రబ్బీ యెహోషువ బెన్ కోర్హా కబురు పంపాడు: "ద్రాక్షారసానికి పుట్టిన వెనిగర్, మన దేవుడి జనాన్ని ఇంకెన్నాళ్ళు చావుకి అప్పగిస్తావు?" మంచి తండ్రికి పుట్టిన చెడ్డ కొడుకు అని ఆ తిట్టుకి అర్థం. తోటలో ముళ్ళు ఏరుతున్నానన్నాడు ఈయన. "తోట యజమానే వచ్చి తన ముళ్ళు తను ఏరుకుంటాడు" అని జవాబొచ్చింది. ఒకరోజు బట్టలుతికే మనిషి ఒకడు అదే తిట్టు తిడితే, ఇంత పొగరున్నవాడు దుర్మార్గుడే అయ్యుంటాడని అరెస్టు చేయించాడు. కోపం చల్లారాక విడిపించబోతే కుదరలేదు. ఉరికొయ్య కింద నిలబడి ఏడ్చాడు. ఆ మనిషి నిజంగా ఘోరమైన తప్పు చేసినవాడేనని చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పినా ఆయన మనసు కుదుటపడలేదు. ఖాకీ వేసుకునే ప్రతివాళ్ళకీ ట్రైనింగులో ఈ పేజీ చదివి వినిపించాలని నా కోరిక.

నిందితుడు నేరం ఒప్పుకుంటే కేసు అయిపోయినట్టేగా?

యూదు ధర్మంలో కాదు. శిక్ష పడే కేసుల్లో ఎవరూ తమ నోటితో తాము దోషి కాలేరు, ఇద్దరు సాక్షులు కావాలి. మైమోనిడిస్ దీనికి ఒక కారణం ఊహించాడు: బతుకు మీద విరక్తి పుట్టి చావు కోరుకునేవాడు చేయని నేరం కూడా ఒప్పుకోవచ్చు. దీనివల్ల కొట్టి ఒప్పించడం అనే పనికి ప్రయోజనమే లేకుండా పోయింది. అమెరికా సుప్రీంకోర్టు 1966లో ఇచ్చిన ప్రసిద్ధ మిరాండా తీర్పు (పోలీసు ప్రశ్నించే ముందు మౌనంగా ఉండే హక్కు ఉందని నిందితుడికి చెప్పాలన్నది) అడుగుగమనికలో మైమోనిడిస్ మాట ఉటంకించి ఉంది.

మనవాడి మీద పోలీసు కంప్లైంట్ ఇవ్వకూడదని యూదుల్లో నియమం ఉందట, నిజమా?

'మెసీరా' అనే నిషేధం ఉంది. తోటి యూదుణ్ణి దోచుకునే, న్యాయం లేని ప్రభుత్వాలకి పట్టివ్వడం మహాపాపం అన్న రోజుల్లో పుట్టింది. చట్టం సక్రమంగా నడిచే దేశంలో ఇది వర్తించదని చాలామంది రబ్బీలు అంటారు. పిల్లల మీద లైంగిక దాడుల విషయంలో ఈ నిషేధం సాకుగా చూపి నోళ్ళు మూయించిన సందర్భాలు బయటికొచ్చాయి, అది చాలా బాధాకరమైన చరిత్ర. అమెరికాలోని ఆర్థొడాక్స్ రబ్బీల మండలి, అనుమానం గట్టిగా ఉంటే వెంటనే పోలీసులకి చెప్పడమే మతపరమైన బాధ్యత అని తీర్మానించింది. దానికి ఆధారం లేవీయకాండములోని ఆజ్ఞే, నీ పొరుగువాడి రక్తం చిందుతుంటే చూస్తూ నిలబడకు.

సబ్బాతు రోజు యూదు పోలీసు డ్యూటీ చేయొచ్చా?

సబ్బాతు అంటే పని మానేయాల్సిన శనివారపు విశ్రాంతి దినం, అయినా ప్రాణం కాపాడే పనైతే చేయొచ్చు, చేయాలి. బండి నడపొచ్చు, ఫోన్ వాడొచ్చు. కాపాడటానికి వెళ్ళినవాళ్ళు తమ చోటికి తిరిగి రావచ్చని మిష్నా చెప్పింది. తిరిగి రానివ్వకపోతే రేపు ఎవరూ బయల్దేరరు కదా.

## శిక్ష, క్షమాపణ

కన్నుకి కన్ను అన్న మతం మరణశిక్షని సమర్థిస్తుందా?

కన్నుకి కన్ను అంటే కన్నుకి తగిన డబ్బు పరిహారం అనే రబ్బీలు అర్థం చెప్పారు. మరణశిక్ష తోరాలో ఉంది, కానీ ఏడేళ్ళకి ఒకణ్ణి చంపే న్యాయసభని విధ్వంసక సభ అనాలని మిష్నా అంది. డెబ్బై ఏళ్ళకి ఒకణ్ణి చంపినా అంతే అన్నాడు ఇంకొకాయన. మేముంటే ఎవర్నీ ఎప్పటికీ చంపనిచ్చేవాళ్ళం కాదన్నారు రబ్బీ తర్ఫోన్, రబ్బీ అకీవా. వెంటనే రబ్బన్ షిమోన్ బెన్ గమ్లియేల్, అలా అయితే మీరు దేశంలో హంతకుల్ని పెంచేవాళ్ళు అన్నాడు. చర్చ అక్కడే ఆగింది, ఎవరు గెలిచారో రాయలేదు. ఇజ్రాయెల్ 1954లో హత్యానేరానికి మరణశిక్ష తీసేసింది, యూదుల ఊచకోత నడిపిన ఐక్‌మన్‌ని 1962లో ఉరితీసింది.

హంతకుడు దొరక్కపోతే కేసు మూసేస్తారా?

పొలంలో శవం దొరికి, చంపినవాడు తెలియకపోతే, ఏ ఊరు దగ్గరో కొలిచి ఆ ఊరి పెద్దలు వచ్చి ఒక పెయ్యదూడ మెడ విరిచి, ఈ రక్తం మా చేతులు చిందించలేదని చెప్పాలి. మిష్నా అడుగుతుంది: ఊరి పెద్దలు హంతకులని ఎవరైనా అనుకుంటారా? కాదు, ఆ మనిషి మా దగ్గరికి వస్తే తిండి పెట్టకుండా పంపలేదు, తోడు లేకుండా వదల్లేదు అని వాళ్ళు చెప్పుకోవాలి. నేరస్థుడు దొరకనప్పుడు కూడా ఊరికి బాధ్యత ఉంటుంది.

క్షమించమని అడిగితే క్షమించి తీరాలా?

మనిషికి చేసిన తప్పుని ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ కూడా కడగదు, ముందు ఆ మనిషిని సమాధానపరచాలి. నష్టం చెల్లించి క్షమించమని అడగాలి, ఒప్పుకోకపోతే ముగ్గురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి అడగాలి. కాదంటే రెండోసారి, మూడోసారి. అప్పటికీ ఒప్పుకోకపోతే తప్పు క్షమించనివాడిదే అని మైమోనిడిస్. డబ్బు ముందు, మాట తర్వాత అన్న ఈ వరస మధ్యవర్తులకి చాలా పనికొస్తుంది.

## ఈనాటి సంగతులు

షోమ్రిమ్ అంటే యూదుల ప్రైవేటు పోలీసా?

కాదు, కాపలా తిరిగే వలంటీర్లు. బ్రూక్లిన్‌లో, లండన్‌లో ఉన్నారు. వాళ్ళకి పోలీసు అధికారాలు లేవు. తప్పిపోయిన పిల్లల్ని వెతకడంలో, దొంగతనాలు జరిగినప్పుడు వేగంగా చేరుకోవడంలో మంచి పేరుంది. పోలీసుల కన్నా ముందు వీళ్ళకే ఫోన్ వెళితే విషయం లోపలే సర్దేస్తారేమో అన్న విమర్శ కూడా ఉంది, నా దృష్టిలో అది పట్టించుకోవాల్సిన విమర్శే.

అయితే ఇజ్రాయెల్ చేసేదంతా యూదు ధర్మమేనా?

కాదు, అది ఒక దేశం, దానికి తన చట్టాలు, ఎన్నికలు, తప్పులు ఉన్నాయి. యూదులే దాన్ని తీవ్రంగా విమర్శిస్తారు, యూదులే సమర్థిస్తారు. ఒకే సూత్రం రెండు వైపులకీ ఎలా లాగుతుందో చూడండి: ప్రాణం కాపాడటం అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి నిజమైన శాంతి వస్తుందంటే భూమి వదులుకోవచ్చని రబ్బీ ఒవాదియా యోసెఫ్ అన్నారు, అదే ప్రాణరక్షణ సూత్రంతో వదులుకోకూడదని లుబావిచ్ అనే యూదు సమూహపు గురువు వాదించారు. 1988లో మొదలైన 'రబ్బీస్ ఫర్ హ్యూమన్ రైట్స్' సంస్థ ప్రతి మనిషీ దేవుడి పోలికలో పుట్టాడన్న మాట పట్టుకుని పాలస్తీనీయుల హక్కుల కోసం పనిచేస్తుంది.

మన తెలుగువాళ్ళలో యూదులున్నారా?

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే చిన్న సమూహం ఉంది. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటారు, సబ్బాతు పాటిస్తారు, తెలుగే మాట్లాడతారు.

కత్తుల్ని నాగళ్ళుగా మార్చాలన్న మాట ఐక్యరాజ్యసమితి దగ్గర రాసి ఉందట, అది యూదుల మాటేనా?

యెషయా 2వ అధ్యాయం, 4వ వచనం. న్యూయార్క్‌లో సమితి భవనం ఎదుట ఉన్న గోడ మీద చెక్కి ఉంది, కత్తిని నాగలిగా సాగగొడుతున్న మనిషి విగ్రహం 1959లో సోవియట్ యూనియన్ ఇచ్చింది. గోడ మీద చెక్కింది వచనంలో రెండో సగమే. మొదటి సగంలో, దేవుడు జనాల మధ్య తగవులు తీరుస్తాడని ఉంది, ఆయుధాలు కరగడం ఆ తర్వాత. తెలుగు బైబిల్ ఆ మొదటి సగంలో వాడిన మాట 'మధ్యవర్తియై'.